క్రొత్త యంత్రమున పాత కెర్నెల్ మేల్కొను విధము

దుమ్ముగూడెమున కంప్యూటర్ పాఠము జరుగుచుండగా ఒక బాలిక అడిగిన ప్రశ్న ఈ వ్యాసమునకు హేతువైనది: “సార్, పాత ల్యాప్‌టాప్ డిస్కు తీసి కొత్తదాంట్లో పెడితే, అది లేచి ఇంకా పాతదాంట్లోనే ఉన్నా అనుకుంటదా?” ఆపరేటింగ్ సిస్టమును, దానితోడి తెలుగు కీబోర్డు అమరికను, అక్షరముల పరిమాణమును, ఏండ్ల తరబడి కూర్చుకొన్న కోయమాటల పట్టికను క్రొత్త ల్యాప్‌టాప్‌నకు తరలించుట నేడు సామాన్యకార్యమే. అయినను, ప్రాసెసరు వేఱై, వైఫై వేఱై, తెరను నడపు చిప్పు సయితము వేఱైన యంత్రమున ఒక వ్యవస్థ మేల్కొని, క్షణములలో సర్వమును ఎఱిగినదానివలె పనికి పూనుకొనుట సామాన్యవిషయము కాదు.

ఇందుకు లినక్స్‌ను ఉదాహరణముగా గైకొనుచున్నాను. దాని మూలము అందఱకును తెరచియుండుటచే లోపలి నడకను కన్నులార చూడవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో వెలువరించిన వ్యవస్థకును ఇదియే ఆధారము.

మొదటి చిక్కు మన తార్కికులు అన్యోన్యాశ్రయమనెడి దోషము వంటిది. డిస్కును చదువవలెనన్న డ్రైవరు కావలెను. ఆ డ్రైవరు డిస్కులోనే యున్నది. ఈ ముడిని విప్పుటకై బూట్‌లోడరు, యంత్రపు ఫర్మ్‌వేర్ సాయమున, వ్యవస్థకు గుండెకాయయైన కెర్నెల్‌తోపాటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అను లఘువ్యవస్థను మెమొరీలోనికి చేర్చును. గోదావరిపై పడవలు నడుపనెంచి 19వ శతాబ్దియందు మా దుమ్ముగూడెము ఆనకట్టచెంత కట్టిన లాకులను ఎఱిగినవారికి దీని పని వెంటనే బోధపడును: ఒక మట్టమునుండి మఱియొక మట్టమునకు నేరుగ పోజాలని పడవ ఇరుకైన గదిలో నిలిచి, నీరు సమమైన పిదప తలుపు తెరువబడగా ముందుకు సాగునట్లు, కెర్నెల్ ఈ చిన్న వ్యవస్థయందు నిలిచి, డిస్కు డ్రైవరును సంపాదించి, అసలు డిస్కును తెరచి, అందులోనికి మారి, ఆ తాత్కాలిక వ్యవస్థను విడిచివేయును. లినక్స్ రూపములలో ఒకటైన ఫెడోరా స్థలము పొదుపుకొఱకు ఆ యంత్రమునకు వలసిన డ్రైవర్లను మాత్రమే అందుంచును. మఱియొకటైన డెబియన్ బహుయంత్రములకు పనికివచ్చు డ్రైవర్లను నింపియుంచును. తరలింపు దృష్టితో చూచిన డెబియన్ మార్గమే శ్రేష్ఠమని నా నిశ్చయము.

ఇక నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము, యంత్రములోని భాగములను కెర్నెల్ గుర్తించుట. పూర్వము కార్డులపై జంపర్లు మార్చి, ఏ పరికరము ఏ సంఖ్యకు పలుకవలెనో మనుష్యుడే నిర్ణయింపవలసియుండెను. భాగములను బోర్డుకు కలుపుటకై 1992లో వెలువడిన పీసీఐ పద్ధతి ఆ భారమును పరికరముపైననే పెట్టినది. పీసీఐకి చెందిన ప్రతి భాగమును, అడిగినంతనే, తన తయారీదారు సంఖ్యను, తన నమూనా సంఖ్యను చెప్పవలెను. ఒక్కొక్కటి 16 బిట్లు. ఇంటెల్ తనకు గైకొన్న సంఖ్య 8086. తన ప్రఖ్యాత ప్రాసెసరు పేరునే ఆ విధముగ చిరస్థాయి చేసికొన్నది. కెర్నెల్ వరుసగా ఒక్కొక్క స్థానమును ప్రశ్నించి సంఖ్యలను సేకరింపగా, వానికి తగిన డ్రైవరు ఏదియో ఒక పట్టికలో వెదకబడి ఎక్కింపబడుచుండును. ఈ విచారణ యంతయు యంత్రము మేల్కొనిన ప్రతిసారియు మొదటినుండి జరుగును. కావున ఆ బాలికకు నేనిచ్చిన సమాధానమిది: అది పాతదానిలో ఉన్నానని అనుకొనదు, ఎందున్నానో ముందుగా ఏమియు అనుకొనక, పాత యంత్రమునందును దినదినమును అపరిచితమువలెనే విచారించి తెలిసికొనుచుండెను.

డిస్కు పేరు మాట వేఱు. ఒకప్పుడు కనబడిన క్రమమునుబట్టి డిస్కులకు పేర్లు వచ్చుచుండెను గనుక, యంత్రము మారిన పేరు మారి దారి తప్పెడిది. నేడు ఫైల్ సిస్టము తనలోనే 128 బిట్ల యూయూఐడీ అను సంఖ్యను ధరించియుండును. ఎక్స్ట్4 అను ఫైల్ సిస్టమునందైన, ఆరంభమునుండి 1024 బైట్ల దూరమున మొదలగు సూపర్‌బ్లాకులో అది లిఖితమై యుండును. పేరుతోగాక ఆ సంఖ్యతో వెదకుటచే ఎచ్చట బిగించినను దొరకును. బిట్టు బిట్టును ప్రతిలేఖించినపుడు సంఖ్యయు ప్రతిలేఖితమగును. కావున అసలును, ప్రతిని ఒకే యంత్రమునకు తగిలించి బూట్ చేయరాదు. ఫైళ్లను మాత్రమే తరలించువారు హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలగు పేర్లుగల ఫైళ్లను మఱువరాదు. సాధారణముగ కంటబడని వానియందే వారి అమరికలు ఉండును.

యూఈఎఫ్ఐ అను నూతన ఫర్మ్‌వేర్ పద్ధతి వచ్చిన తరువాత, ఏ ఫైలుతో బూట్ ఆరంభింపవలెనో తెలుపు నమోదు మదర్‌బోర్డులోని చెఱగని స్మృతియందుండి, డిస్కు తరలినను అక్కడనే నిలిచిపోవుచున్నది. అట్టి నమోదు లేనిచోట క్రొత్త ఫర్మ్‌వేర్ బూట్‌ఎక్స్64 అను ఫైలును వెదకును గనుక, దానిని డిస్కుపై ముందే ఉంచుట మంచిది. విండోస్‌లో బిట్‌లాకర్ అను డిస్కు తాళము ఉన్నచో చిక్కు అధికము: తాళము పాత బోర్డులోని టీపీఎమ్ చిప్పునకు ముడివడియుండును, క్రొత్త యంత్రము 48 అంకెల రికవరీ కీని అడుగును. కావున చదువరులారా, పాత ల్యాప్‌టాప్ మఱలు విప్పకమునుపే ఆ 48 అంకెలను కాగితముపై వ్రాసికొని పదిలపఱచుకొనుడు.