తాలు వైరస్... గట్టి టీకా!

నీళ్లలో మురుగు కలిసిందని పట్టించే బ్యాక్టీరియా అది. ఆ మురుగు తెచ్చే కామెర్లకి టీకా తయారు చేసేదీ అదే!

కుళాయి నీళ్లను పరీక్షకు పంపితే ప్రయోగశాలలో ముఖ్యంగా వెదికే సూక్ష్మజీవి ఒకటుంది. దాని పేరు ఈ-కోలి. మనుషుల పేగుల్లో, పశువుల పేగుల్లో కోట్ల సంఖ్యలో ఉంటుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో అది కనిపించిందంటే చాలు, ఎక్కడో మురుగు కలిసిందని లెక్క. అలాంటి ఈ-కోలి చైనాలోని షియామెన్ నగరంలో మాత్రం స్టీలు ట్యాంకుల్లో బుద్ధిగా పనిచేస్తూ టీకా తయారు చేసిపెడుతోంది. అదీ దేనికి? మురుగు కలిసిన నీళ్లు తాగితే వచ్చే హెపటైటిస్-ఈ కామెర్లకి!

ఎవరూ పోల్చుకోని జబ్బు

కళ్లు పచ్చబడతాయి. అన్నం సహించదు. నీరసం. కొన్ని వారాలకు దానంతటదే తగ్గిపోతుంది. మన ఊళ్లలో ఈలోగా పసరు మందు పోయిస్తారు కాబట్టి పేరు మాత్రం పసరుకి వస్తుంది, అది వేరే సంగతి. హెపటైటిస్-ఈ చాలామందిలో ఇలా వచ్చి అలా పోయేదే. కానీ గర్భిణికి సోకితే మాత్రం కథ మారిపోతుంది. చివరి మూడు నెలల్లో వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. కడుపులో బిడ్డకీ గండమే.

1955లో యమునకి వరదలొచ్చాయి. మురుగు కాల్వ నీరు ఎదురుతన్ని ఢిల్లీకి మంచినీరు తోడే చోటికి చేరింది. కొన్ని వారాలు తిరిగేసరికి 29 వేల మందికి పైగా కామెర్లతో మంచం పట్టారు. అందరూ హెపటైటిస్-ఎ అనుకున్నారు. 1978లో కశ్మీర్‌లో మళ్లీ అలాంటి ఉపద్రవమే వచ్చినప్పుడు గర్భిణుల మరణాలను గమనించిన డాక్టర్ మహమ్మద్ సుల్తాన్ ఖురూ, ఇది మనకు తెలిసిన కామెర్లు కావని చెప్పారు. మరి వైరస్ ఏదీ? 1983లో సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ బలయాన్ చేసిన పని వింటే ఒళ్లు జలదరిస్తుంది. అఫ్గానిస్థాన్‌లో కామెర్ల బారిన పడిన సైనికుల మలం నుంచి తీసిన ద్రవాన్ని ఆయన తానే తాగేశారు! అనుకున్నట్టే జబ్బు పడ్డారు. ఆయన మలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే వైరస్ కనిపించింది.

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోవద్దు. 2005లో హైదరాబాద్ పాతబస్తీని కుదిపేసిన కామెర్లూ ఇవే. మురుగు కాల్వలను దాటుకుంటూ వెళ్లే మంచినీటి పైపులే అప్పుడు కొంప ముంచాయి.

పొట్టు ఉంది... గింజ లేదు

టీకా చేయాలంటే మామూలుగా వైరస్‌ను పెద్దమొత్తంలో పెంచి, చంపో నీరసింపజేసో వాడతారు. హెపటైటిస్-ఈ వైరస్‌ను అలా పెంచడం మహా కష్టం. దాంతో శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు.

రైతుకి తాలు గింజ సంగతి తెలుసు. పైకి అచ్చం వడ్లగింజే. లోపల బియ్యం ఉండదు. నాటితే మొలవదు. సరిగ్గా అలాంటి వైరస్‌ని చేస్తే? మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేది వైరస్ పైపొట్టునే. లోపల ఉండే జన్యుపదార్థం లేకపోతే అది ఒంట్లో పెరగలేదు, జబ్బు తేలేదు. ఒళ్లు మాత్రం దాన్ని చూసి నిజం శత్రువే వచ్చిందనుకుని ఆయుధాలు సిద్ధం చేసుకుంటుంది. వీటినే వైరస్‌ను పోలిన కణాలు అంటారు. చిత్రమేంటంటే పొట్టుకి కావలసిన ప్రొటీన్ ముక్కలు సరైన వాతావరణంలో ఉంటే చాలు, వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకుని గుండ్రటి కణాలుగా అమరిపోతాయి.

ఈ ఆలోచన హైదరాబాద్‌కి కొత్తేం కాదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా ఇలాంటి ఖాళీ కణాలదే. కాకపోతే ఆ ప్రొటీన్‌ని ఈస్టులో తయారు చేశారు. బ్యాక్టీరియాతో పని ఇంకా చవక. ఈ-కోలి అనుకూలమైన పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పొద్దున ఒకటి ఉంటే సాయంత్రానికి లెక్కపెట్టలేం. టీకాకి వాడేది జబ్బు చేయని ప్రయోగశాల రకమే. వైరస్ పొట్టుకి సంబంధించిన జన్యువును దానిలో పెడితే తన సొంత ప్రొటీన్లతో పాటు దాన్నీ తయారు చేస్తుంది.

అయితే చవకలో చిక్కూ ఉంది. హడావుడిగా చేసిన ఆ ప్రొటీన్ సరిగ్గా మడత పడక, చిక్కుపడిన నూలులా బ్యాక్టీరియా లోపల ముద్ద కట్టేస్తుంది. దాన్ని బయటికి తీసి చిక్కు విప్పాలి. దానికి వాడేది ఏంటో తెలుసా... యూరియా! పొలంలో చల్లే పదార్థమే, కాకపోతే బాగా శుద్ధి చేసింది. ఆ ద్రావణంలో ముద్ద కరుగుతుంది. తర్వాత నెమ్మదిగా యూరియాని తొలగిస్తూ పోతే ప్రొటీన్లు సరిగ్గా మడతపడి కణాలుగా కూడుకుంటాయి. ఒక్కోటీ 20 నుంచి 30 నానోమీటర్లు. మన వెంట్రుక మందంలో రెండు మూడు వేలు పక్కపక్కనే పడతాయి. బ్యాక్టీరియా గోడల్లో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం జ్వరం తెప్పిస్తుంది కాబట్టి దాన్నీ జాగ్రత్తగా వడకట్టేయాలి. షియామెన్ విశ్వవిద్యాలయంలో నింగ్షావో షియా బృందం ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది ఈ పనితోనే. పొట్టు ప్రొటీన్ మొత్తం అక్కర్లేదు, 239 అమైనో ఆమ్లాల ముక్క చాలని తేల్చిందీ వాళ్లే.

లక్ష మందిపై పరీక్ష

2007లో చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో లక్షా 12 వేల మందికి పైగా ఈ పరీక్షలో చేరారు. సగం మందికి ఈ టీకా, మిగతా సగానికి హెపటైటిస్-బి టీకా. ఆరు నెలల్లో మూడు మోతాదులు. మూడూ పూర్తయ్యాక ఏడాదిలో రెండో జట్టులో 15 మందికి హెపటైటిస్-ఈ వచ్చింది. మొదటి జట్టులో ఒక్కరికీ రాలేదు. నాలుగున్నరేళ్ల లెక్క చూస్తే 53 మందికి ఎదురుగా ఏడుగురు. 2011 చివర్లో చైనా దీనికి హెకోలిన్ పేరుతో అనుమతిచ్చింది. అదే ఊపులో అదే బ్యాక్టీరియాతో చేసిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా సెకోలిన్‌కి 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడా దొరికింది.

మరి హెకోలిన్ ఏమైంది? 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఉపద్రవాల సమయంలో వాడే విషయం పరిశీలించవచ్చని చెప్పింది. వాడినవాళ్లే లేరు. అంతకుముందు నేపాల్ సైనికులపై మంచి ఫలితం చూపిన ఇంకో టీకా అసలు మార్కెట్‌కే రాలేదు. ఈ జబ్బు వచ్చేది శిబిరాల్లో, మురికివాడల్లో ఉండేవాళ్లకి. కొనే స్తోమతున్న వాళ్లకి దీని భయం లేదు, భయమున్నవాళ్ల దగ్గర డబ్బు లేదు. చివరికి 2022లో దక్షిణ సూడాన్‌లోని బెంటియు నిర్వాసితుల శిబిరంలో ఆ దేశ ఆరోగ్యశాఖతో కలిసి డాక్టర్స్ విదౌట్ బోర్డర్స్ సంస్థ దీన్ని వేసింది. ఉపద్రవాన్ని ఆపడానికి వాడటం ప్రపంచంలో అదే మొదటిసారి. 16 నుంచి 40 ఏళ్లవారే లక్ష్యం, గర్భిణులతో సహా.

ఆ చివరి మాటలోనే ఉంది అసలు చిక్కు. ఈ టీకా అందరికన్నా ఎక్కువ అవసరమైంది గర్భిణులకి. పరీక్షల్లో పక్కన పెట్టిందీ వాళ్లనే. బంగ్లాదేశ్‌లో వేలమంది మహిళలపై జరిగిన పరీక్ష వివరాలను 2024లో మళ్లీ తిరగేస్తే, గర్భం దాల్చడానికి కొద్దిముందు కానీ గర్భంతో ఉండగా కానీ టీకా పడినవారిలో గర్భస్రావాలు ఎక్కువేమోనన్న అనుమానం వచ్చింది. బెంటియులో టీకా వేయించుకున్న గర్భిణులను, వేయించుకోనివారితో పోల్చి చూసినవాళ్లకి మాత్రం టీకా వల్ల ప్రమాదం పెరిగినట్టు ఆధారం దొరకలేదు. అందుకే పెళ్లీడు ఆడపిల్లలకి గర్భం రాకముందే, చాలా ముందుగా వేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనకి బలముంది. కానీ మూడు మోతాదులకి ఆరు నెలలు కావాలి. జబ్బు ప్రబలాక అంత సమయం ఎక్కడిది?

మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో హెపటైటిస్-ఈకి చోటు లేదు. కాబట్టి వానాకాలంలో కుళాయి నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకి నీళ్లు మరిగించి చల్లార్చి ఇవ్వాల్సిందే. కళ్లు పచ్చబడితే పసరు కోసం పరుగెత్తకుండా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.