మీకు తెలుసా? పైకప్పు కింద మైలు పరుగు

2025 ఫిబ్రవరి 13న ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో నార్వే కుర్రాడు యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఇండోర్ మైలును 3 నిమిషాల 45.14 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు తిరగరాశాడు. న్యూయార్క్‌లో యారెడ్ నుగూసె నెలకొల్పిన రికార్డుకు అప్పటికి నిండా వారం కూడా కాలేదు, పాపం!

ఈ అంకె వింటే పెద్దగా ఏమీ అనిపించదు. కాస్త విడదీసి చూడండి. 100 మీటర్లకు సగటున 14 సెకన్లు. బడి ఆటల పోటీల్లో ఆ వేగంతో ఒక్క వంద మీటర్లు ఉరికిన పిల్లాడికే చప్పట్లు కొడతాం. ఇతను అలాంటి వందలు ఆగకుండా పదహారు పరిగెత్తాడు, పైన ఇంకో 9 మీటర్లు!

1954లో తొలిసారి నాలుగు నిమిషాల గడప దాటిన రోజర్ బానిస్టర్ (3:59.4) పక్కనే పరిగెత్తి ఉంటే, ఇతను గీత దాటేసరికి సుమారు 95 మీటర్లు వెనకే ఉండేవాడు. అయితే బానిస్టర్‌ది బొగ్గుపొడి ట్రాక్ అని మరవకూడదు.

ఇండోర్‌లో గాలి బెడద లేదు కానీ ట్రాక్ 200 మీటర్లే, మలుపులు రెట్టింపు, పైగా ఇరుకు. అందుకే మలుపుల్ని ఏటవాలుగా కడతారు. ఆరుబయట రికార్డు మాత్రం ఇంకా మొరాకో వీరుడు హిషామ్ ఎల్ గెరూజ్‌దే: 3:43.13, 1999, రోమ్.