రెండు కార్లు - ఒక యెంపిక

చెఱకుతోఁటల నడుమఁ జోడవరమునఁ గాఁపురముండు మాకు ఇటలీ పరుగు కార్ల ముచ్చట యేల యని సోదరీమణులు నవ్వవచ్చును. కాని యెంపిక ధర్మ మెల్లెడల నొక్కటియే.

ఫెరారీవారు తమ నలువది యేండ్ల పండుగకు 1987వ సంవత్సరమున ఎఫ్ 40 అను కారును వెలువరించిరి. 1988లో మరణించిన స్థాపకుఁడు ఎంజో ఫెరారీ యామోదము పొందిన కడపటి కారదియే. అందుఁ దివాచీలు లేవు. తలుపు తెఱచుటకు లోపలఁ బిడికి మాఱు త్రాడు. బరువు తగ్గించుటకే యీ నిరాడంబరము. అట్టివి 1300 లకుఁ బైగాఁ జేసిరి. 1995లో వచ్చిన ఎఫ్ 50 నకుఁ బండ్రెండు సిలిండర్లు. దాని యంత్రము ఫార్ములా వన్ పందెపు కారునుండి పుట్టినది. చేసినవి 349 మాత్రమే.

కొలఁదిగా దొరకునదే మేలైనదనుట తొందరపాటు. సంఖ్య విక్రేత చేతిలోనిది, గుణము వస్తువునందున్నది. పట్టుచీరల యంగడిలో "ఇఁక రెండే మిగిలినవి" యన్నంతనే మన చేయి కొంగుముడిపైఁ బడుట లేదా?

రెండింటను నిరువురికే చోటు గనుక బిడ్డలు గల యింటికి రెండును దగవు. అయినను నొకటి కోరుమన్నచో మేము ఎఫ్ 40 నే కోరుదుము. అక్కఱలేనిది విడిచి, అక్కఱయైనదే నిలుపుకొన్న వస్తువది. సోదరీమణులారా, ఏది కొనఁబోయినను ముందు వాడుక నడుగుఁడు; సంఖ్య పిదప నడుగవచ్చును.