ఎయిర్ హోస్టెస్ అంటే ఆడపిల్లేనా?

దిల్‌సుఖ్‌నగర్‌లో విమాన ఉద్యోగాల శిక్షణ బోర్డు చూసి, వనస్థలిపురంలోని మా ఇంట్లో ‘చేరతా’నన్నాను. ‘అది ఆడపిల్లల పనిరా’ అన్నాడు నాన్న. నాట్లు ఆడవాళ్ళవి, నాగలి మగవాళ్ళది అనే సేద్యగాడి లెక్క ఆయనది!

నిజానికి 1912లో జర్మనీ గాలి ఓడలో ఈ పనికి కుదిరిన కుబిస్ మగవాడే. 1930లో అమెరికా నర్సు ఎలెన్ చర్చ్ వచ్చాకే ఇది క్రమంగా ఆడవాళ్ళ కొలువయింది. ఆంక్షలూ వాళ్ళకే. ఒకప్పుడు ఎయిరిండియాలో మగ పర్సర్‌కు 58 ఏళ్ళదాకా ఉద్యోగం. హోస్టెస్‌కు 35, పైవాళ్ళు దయతలిస్తే 45. తొలి గర్భమొస్తే ఇంటికే. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు ఈ గర్భం నిబంధనను కొట్టేసింది గాని, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి కూడదన్నదాన్ని మాత్రం ఉంచేసింది!

ఇదంతా చెబితే నాన్న, ‘అయితే చీర కడతావా?’ అని నవ్వాడు. అమ్మ మాత్రం ఫీజెంతని అడిగింది.