బ్యాటరీ కొనుటకు ముందు ఛార్జింగు పరీక్ష

పంచాయతీ ట్రాక్టరు ఉదయమున స్టార్టు కాకున్నచో ఆనాడు చెత్త ఎత్తుట ఆగును, నీటి ట్యాంకరు వీధికి రాదు. తెలంగాణలో 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూడినవి గనుక ఈ చిక్కు ఏ ఒక్క గ్రామమునకో చెందినది కాదు. బ్యాటరీ పోయినదని డ్రైవరు చెప్పును. క్రొత్తది కొనుటకు తీర్మానమగును. కొలది దినములలో క్రొత్తదియు దిగిపోయినప్పుడు గాని, లోపము ఛార్జింగులో నున్నదని తెలియదు. ట్యాంకులోనికి మోటారు నీరెక్కించుచున్నదో లేదో చూడక ట్యాంకునే మార్చినట్లుండును ఈ వ్యవహారము.

ఇంజను నడచునపుడు బెల్టు ఆల్టర్నేటరును త్రిప్పును. అందు పుట్టిన ఏ.సి. విద్యుత్తును డయోడ్లు డి.సి.గా మార్చును, రెగ్యులేటరు వోల్టేజి మితిమీరకుండ కాపాడును. స్టార్టరు వాడుకొన్న శక్తి ఈ విధముగ బ్యాటరీకి తిరిగి చేరును.

పరీక్షకు ఒక మల్టీమీటరు చాలును. ఊరి ఎలక్ట్రీషియను వద్ద అది ఉండనే ఉండును. దానిని డి.సి. 20 వోల్టుల వద్ద నుంచి, రాత్రియంతయు నిలిపియున్న ట్రాక్టరు బ్యాటరీపై ముందుగా చూడవలెను. 12.6 వోల్టులున్నచో బ్యాటరీ నిండుగా నున్నట్లు. 12కు దిగినచో చాలవరకు ఖాళీయైనట్లు. పిమ్మట ఇంజను స్టార్టు చేసి, వేగము కొంత పెంచి మరల చూడవలెను. సాధారణముగా 13.8 నుండి 14.5 వరకు రావలెను. అంకె పెరుగక 12 వద్దనే నిలిచినచో ఛార్జింగు లేదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బ్యాటరీ నీరు మాటిమాటికి తరుగుటకు ఇదియు ఒక కారణము. లైట్లు వేసి మూడవసారి చూచుట మరువరాదు. అప్పుడు అంకె 13కు దిగువకు జారినచో ఆల్టర్నేటరు బరువు మోయలేకున్నది.

అయినను వెంటనే ఆల్టర్నేటరును విప్పించనక్కరలేదు. ఇంజను ఆపి, బెల్టు వదులైనదేమో బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. టెర్మినళ్లపై చిలుము పట్టినదేమో, ఎర్తు తీగ బోల్టు వదులైనదేమో గమనించవలెను. ఖర్చు లేని ఈ పనులతోనే పెక్కు ట్రాక్టర్లు బాగగుట కలదు.

ఒక మొరటు పరీక్షను మాత్రము మానిపించవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీసి, బండి ఆగకున్న ఛార్జింగు బాగున్నదని కొందరందురు. డీజిలు ఇంజనుకు స్పార్కు అక్కరలేదు. బ్యాటరీ లేకున్నను అది సాధారణముగా నడచును. కావున దీనివలన తెలియునదేమియు లేదు. పైగా వోల్టేజి ఒక్కసారిగ ఎగసి డయోడ్లు మాడిపోవచ్చును. ఛార్జింగు అగుచున్న బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడును గనుక దాపున బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

ఛార్జింగు సరిగానున్నను ప్రతి ఉదయము బ్యాటరీ 12కే దిగుచున్నచో, ఇంజను ఆపిన పిదప ఏ తీగ ద్వారానైన విద్యుత్తు జారిపోవుచున్నదేమో చూపించవలెను. అదియు లేదన్నప్పుడు క్రొత్త బ్యాటరీ కొనుట న్యాయమే. ఆ తీర్మానము వచ్చిననాడు సభ్యులు పై మూడు అంకెలను అడుగవచ్చును. పరీక్షించిన తేదీతో వాటిని ట్రాక్టరు లాగుబుక్కులో వ్రాయించిన చాలును.