మూడు చుక్కల వెనక దాగిన రాడార్: ఆటోమేటిక్ షార్ట్ లింకులతో అసలు చిక్కు ఇదీ

2025 అక్టోబరు 28. మొంథా తుఫాను తీరం వైపు వస్తోంది. నేను గుడివాడలో ఉన్నా, మామయ్య నాగాయలంకలో. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మచిలీపట్నం రాడార్ లింకంట. ఎన్నిసార్లు కొట్టినా రావట్లేదు. నా నెట్ పోయిందా, ఆ సైటే పోయిందా?"

స్క్రీన్‌షాట్ పంపమన్నా. చూడగానే విషయం అర్థమైంది. ఎవరో ఒక సోషల్ మీడియా యాప్‌లో వాతావరణ శాఖ రాడార్ పేజీ లింకు పోస్ట్ చేశారు. యాప్ దాన్ని తనంతట తానే కత్తిరించి, ముందు ముక్క మాత్రం చూపించి, చివర మూడు చుక్కలు పెట్టింది. ఆ పోస్టు స్క్రీన్‌షాట్ ఊరి వాట్సాప్ గ్రూపుకి చేరింది. మామయ్య పాపం చుక్కలతో సహా టైప్ చేశాడు! ఏ ఊరి రాడార్ కావాలో చెప్పే ముక్కేమో ఆ చుక్కల వెనకే ఉండిపోయింది. పూర్తి అడ్రస్ పంపాక పేజీ తెరుచుకుంది.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ అది. అక్కడ రాడార్ బొమ్మ టైంపాస్ కాదు. పడవలు ఎక్కడ కట్టాలి, పశువుల్ని ఎప్పుడు తోలాలి అన్నది అలాంటి సమాచారం మీదే ఆధారపడుతుంది.

అసలు ఎందుకు కత్తిరిస్తారు?

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ట్విట్టర్, అంటే ఇప్పటి ఎక్స్. ఎస్ఎంఎస్ కొలతలతో పుట్టిన 140 అక్షరాల పరిమితిలో పొడవాటి లింకు పట్టేది కాదు. అందుకే టి.కో అనే సొంత షార్ట్‌నర్ తెచ్చి, 2011 నుంచి లింకులన్నిటినీ దాంతో చుట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు లింకు ఎంత పొడవున్నా 23 అక్షరాలుగానే లెక్క. మీరు ముందే బిట్లీతో చిన్నది చేసి పెట్టినా, దాన్నీ మళ్ళీ చుడుతుంది. హానికర సైట్లను ఆపడానికి, క్లిక్కులు లెక్కపెట్టడానికి ఇది పనికొస్తుంది. ఆ లాభాన్ని కాదనలేం.

మరి ఇబ్బంది ఎక్కడ?

ఒకటి, ఆలస్యం. లింకు నొక్కితే ముందు షార్ట్‌నర్ సర్వర్‌కి, అక్కణ్ణించి అసలు సైటుకి వెళ్ళాలి. ఫైవ్‌జీలో తేడా తెలియదు. ఒక్క గీత సిగ్నల్ ఉన్నచోట తెలుస్తుంది. పైగా ఆ గుమ్మం ఇంకొకరి చేతిలో ఉంటుంది. న్యూయార్క్ టైమ్స్, ఫేస్‌బుక్ లాంటి సైట్ల లింకులు టి.కో దగ్గర దాదాపు 5 సెకన్లు ఆగుతున్నాయని 2023 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది.

రెండు, ఆయుష్షు. గూగుల్ తన గూ.జీఎల్ షార్ట్‌నర్‌లో కొత్త లింకుల తయారీని 2019లో పూర్తిగా ఆపేసింది. 2025 ఆగస్టు 25 తర్వాత పాత లింకులు కూడా పనిచేయవని చెప్పి, చివరికి వాడుకలో ఉన్నవాటిని మాత్రం వదిలేసింది. అసలు సైటు బతికే ఉన్నా, దారి పోతే మనకి అది పోయినట్టే.

మూడు, కనిపించేది ఒకటి, వెళ్ళేది ఇంకొకటి. 2024 ఏప్రిల్‌లో ఎక్స్ ఐఫోన్ యాప్, పోస్టుల్లో "ట్విట్టర్.కామ్" అని ఉన్నచోటల్లా "ఎక్స్.కామ్" అని చూపించింది. దాంతో "నెట్‌ఫ్లిట్విట్టర్.కామ్" అనే అడ్రస్ కాస్తా తెర మీద "నెట్‌ఫ్లిక్స్.కామ్"లా కనిపించింది! తర్వాత సరిచేశారనుకోండి.

అన్నిటికంటే ప్రమాదం మన అలవాటు

తుఫాను దాటిన రెండో రోజు అదే గ్రూపులో ఇంకో షార్ట్ లింకు: "పంట నష్టపరిహారానికి ఇక్కడ నమోదు చేసుకోండి". మామయ్య ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని మరీ ఫోన్ చేశాడు. "నొక్కమంటావా?"

లింకు విప్పి చూస్తే ప్రభుత్వ సైటు కాదు. "అన్నీ ఇలాగే ఉంటాయిగా, ఏది ఏదో ఎట్టా తెలుస్తుంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మామూలు మనిషి చూసి పోల్చుకోగలిగేది సైటు పేరొక్కటే. దాన్ని దాచేసి, ఏళ్ళ తరబడి గుడ్డిగా నొక్కడం మనమే నేర్పాం. 2024 అక్టోబరు నుంచి ట్రాయ్ నిబంధన ప్రకారం కంపెనీల ఎస్ఎంఎస్‌లలో ముందే నమోదైన లింకులే రావాలి. వాట్సాప్ ఫార్వర్డులకు ఆ కాపలా లేదు.

ఏం చేయాలి?

* వాట్సాప్‌లో పంపేటప్పుడు షార్ట్ లింకు వద్దు. పేజీని బ్రౌజర్‌లో తెరిచి, పూర్తి అడ్రస్ కాపీ చేసి పంపండి. అక్కడ అక్షరాల కరువు లేదు.
* లింకున్న పోస్టుని స్క్రీన్‌షాట్‌గా పంపితే, కింద లింకు విడిగా పెట్టండి.
* బిట్లీ లింకు వస్తే చివర ప్లస్ గుర్తు కలిపి తెరవండి. ఎక్కడికి వెళ్తుందో ముందే చూపిస్తుంది.
* ప్రభుత్వ సైటు అంటే, "https://" తర్వాత వచ్చే మొదటి స్లాష్‌కి ముందు భాగం ".గవ్.ఇన్"తో (ముందున్న చుక్కతో సహా) ముగిసిందో లేదో చూడండి. మధ్యలో "గవ్" ఉంటే చాలదు.
* మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మొన్న నాగాయలంక వెళ్ళినప్పుడు మామయ్య ఫోన్‌లో రాడార్ పేజీని హోమ్ స్క్రీన్ మీద పెట్టి వచ్చా. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌లో కూడా పెట్టేయండి. రెండు నిమిషాల పని.