పరిశోధక విద్యార్థి – పర్యవేక్షకుడి బాధ్యత

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో తయారయ్యే సిద్ధాంత గ్రంథాల గురించి సాహిత్య సభల్లో విచారం వెలిబుచ్చడం మనకు అలవాటైపోయింది. విద్యార్థులు చదవడం లేదని అధ్యాపకులూ, గైడ్లు పట్టించుకోవడం లేదని విద్యార్థులూ అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే పర్యవేక్షణ అనే పని అసలు ఎలా జరగాలో విడమరిచి చెప్పేవారు తక్కువ. నేను విశ్వవిద్యాలయ అధ్యాపకుణ్ణి కాను. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. కాని ఒకప్పుడు పరిశోధక విద్యార్థిగా ఉన్నాను. ఇప్పుడు నా దగ్గర చదివిన పిల్లలు పరిశోధనలో చేరుతున్నారు. ఈ రెండు అనుభవాల ఆధారంతో కొన్ని విషయాలు చర్చకు పెడుతున్నాను.

ముందు నా సంగతి. మాది చీరాల ప్రాంతంలో చేనేత కుటుంబం. 2004లో ఎం.ఫిల్.లో చేరినప్పుడు పర్యవేక్షకులతో నా మొదటి సమావేశం పది నిమిషాల్లో ముగిసింది. "ఏ విషయం అనుకున్నావయ్యా?" అని అడిగారాయన. నేను బెదిరిపోయి, "మీరెలా చెబితే అలాగేనండి" అన్నాను. ఆయన సొరుగులోంచి ఒక జాబితా తీసి, ఒక పద్యకావ్యం పేరు చెప్పి, దాని మీద "సమగ్ర పరిశీలన" చేయమన్నారు. కవి జీవితం, కథాసంగ్రహం, పాత్రచిత్రణ, వర్ణనలు, అలంకారాలు, ఉపసంహారం – ఆరు అధ్యాయాలూ అక్కడే నిర్ణయమైపోయాయి. పట్టా వచ్చింది. ఆ కావ్యం గురించి నేను కొత్తగా కనుక్కున్నది మాత్రం ఏమీ లేదు.

ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు పాత పుస్తకాల దుకాణంలో 'మాండలిక వృత్తి పదకోశం' రెండో సంపుటం నా కంటబడింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన పుస్తకం. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1971 నాటి ఈ సంపుటం చేనేత పదాలది. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె – మా అమ్మ రోజూ పలికే మాటలు శాస్త్రగ్రంథంలో కనిపించేసరికి చాలాసేపు ఆ దుకాణంలోనే నిలబడిపోయాను. నేను పరిశోధనకు వెళ్ళేనాటికి ఆ పుస్తకం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. "మీ ఇంట్లో ఏం పని చేస్తారు?" అని ఆనాడు ఒక్క ప్రశ్న వచ్చి ఉంటే, "ఈ కోశం చదివి, ఇందులో లేని మాటలు మీ అమ్మగారిని అడిగి రాసుకురా" అని ఒక్క సలహా దొరికి ఉంటే, నా పరిశోధన వేరే దారిన పోయేది.

విద్యార్థికి విషయం చెప్పేముందు ఆ విద్యార్థి ఎవరో తెలుసుకోవాలి. సలహా అక్కడ మొదలవుతుంది. ఏం చదివాడు, ఏది చదివి విసిగిపోయాడు, ఇంట్లో ఏ మాండలికం మాట్లాడతారు, ఫెలోషిప్ ఉందా, లేకపోతే ఏ కాలేజీలో పార్ట్‌టైం పాఠాలు చెప్పి బతుకుతున్నాడు – ఇవన్నీ పరిశోధనకు సంబంధించిన ప్రశ్నలే. ఉస్మానియాలో ఖండవల్లి లక్ష్మీరంజనం గారి కాలంలోనే బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. ఆ గ్రంథం 1958లో అచ్చయింది. పల్లెలో విన్న పాట విశ్వవిద్యాలయంలో విద్యగా నిలబడగలదని ఆనాడే రుజువైంది.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. నేతపనివారి బిడ్డకు మగ్గం, దళిత విద్యార్థికి దళిత సాహిత్యం, ఆడపిల్లకు స్త్రీవాదం అని పంచిపెట్టడం కూడా ఆ పాత జాబితాకు మరో రూపమే. మా ఊరి కుర్రవాడికి ఛందస్సు మీద మనసుంటే ఛందస్సే చేయనివ్వాలి. విద్యార్థి జీవితాన్ని తెలుసుకోవలసింది అతని చుట్టూ గిరి గీయడానికి కాదు, అతని ప్రశ్న ఎక్కడుందో వెతకడానికి.

ప్రశ్న అంటే ఏమిటి? "ఫలానా కవి రచనలు – సమగ్ర పరిశీలన" అనేది శీర్షిక మాత్రమే. దానికి తప్పు సమాధానం ఉండదు కనుక సరైన సమాధానమూ ఉండదు. "1971 నాటి కోశంలోని చేనేత పదాల్లో, మరమగ్గాలు పెరిగాక ఒక ఊళ్ళో ఏవి వాడుకలోంచి పోయాయి, ఏవి అర్థం మార్చుకున్నాయి?" అనేది ప్రశ్న. దీనికి ఎవరిని కలవాలో, ఏం పోల్చాలో, ఎక్కడ ఆగాలో అందులోనే ఉంది. శీర్షికను ప్రశ్నగా మార్చేదాకా విద్యార్థితో కూర్చోవడం పర్యవేక్షకుడి మొదటి పని. దానికి నాలుగైదు సమావేశాలు పట్టినా అది వృథా కాదు.

రెండో పని, రాసింది చదవడం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నిబంధనల్లోనూ, 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి పిహెచ్.డి. విద్యార్థులు ఉండకూడదని పరిమితి పెట్టారు. సలహా సంఘం ముందు విద్యార్థి ఎప్పటికప్పుడు తన పని పురోగతి వివరించాలన్నారు. మంచిదే. కాని తలల సంఖ్య లెక్కపెట్టిన నిబంధన, అధ్యాయం చదివి తిరిగి ఇవ్వడానికి గడువు పెట్టించలేదు. పైగా 2022 నిబంధనలతో ఎం.ఫిల్. ఆగిపోయింది. పుస్తకాల పట్టిక తయారుచేయడం, ఆధారం చూపడం, పాఠాన్ని పరిష్కరించడం కొంతైనా అక్కడ నేర్చుకునేవారు. ఇప్పుడు కోర్సువర్కు ఉన్నా, ఆ బరువు చాలావరకు పర్యవేక్షకుడి మీదే పడింది. ఖాళీలు భర్తీ కాని శాఖల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు అధ్యాపకులే పాఠాలూ పరీక్షలూ పాలనా చూసుకోవాలి. వారి ఇబ్బందిని కాదనలేం. అందుకే "బాగుంది", "ఇంకా లోతుగా రాయి" వంటి మాటలు పనికిరావు. అరవై పేజీల మీద అలాంటి మాటకన్నా, రెండు పేజీల మీద "ఈ నిర్ధారణకు ఆధారమేది?" అని మార్జిన్‌లో రాసిన ప్రశ్న ఎక్కువ నేర్పుతుంది. తనకు తెలియని చోట "ఇది నాకు తెలియదు, చరిత్ర శాఖలో అడుగు" అనగలిగిన అధ్యాపకుడి మీద విద్యార్థికి నమ్మకం పెరుగుతుంది.

మూడోది అధికారం సంగతి. ప్రగతి నివేదిక మీదా, ఫెలోషిప్ కాగితం మీదా, చివరికి సిద్ధాంత గ్రంథం మీదా పర్యవేక్షకుడి సంతకం కావాలి. ఆ సంతకాన్ని చూసే విద్యార్థి సన్మాన సంచికకు ప్రూఫులు దిద్దుతాడు, సభకు కుర్చీలు వేస్తాడు, కాదనలేడు. దీన్ని గురుభక్తి అని పిలవడం మన భూస్వామ్య సంస్కారం. కులం తోడైతే ఈ బరువు రెట్టింపవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌పై థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో, అధ్యాపకులు తమకు తగిన సాయం అందించడం లేదని చాలామంది ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పారు. అది వైద్యవిద్య సంగతి. కాని మన శాఖల్లోనూ ఎవరిని కూర్చోబెట్టి మాట్లాడుతున్నాం, ఎవరిని గుమ్మం దగ్గరే పంపేస్తున్నాం అని ప్రతి పర్యవేక్షకుడూ తనను తాను ప్రశ్నించుకోవాలి. సమావేశం రోజూ వేళా ముందే చెప్పి, అందరికీ ఒకేలా పాటించడం చిన్న విషయంగా కనిపిస్తుంది. "ఇప్పుడు వెళ్ళొచ్చా?" అని వరండాలో గంటలు నిలబడిన విద్యార్థికి అది చిన్న విషయం కాదు.

మా బడిలో పదో తరగతి చదివి, ఇంట్లో మొట్టమొదట పిహెచ్.డి. దాకా వెళ్ళిన అమ్మాయి ఆమధ్య ఫోన్ చేసింది.

"అధ్యాయం ఇచ్చి మూడు నెలలైంది సార్. అడిగితే కోప్పడతారేమోనని అడగలేదు."

"ఎన్ని పేజీలమ్మా?"

"అరవై సార్."

"అందులో నీకు ఎక్కడ అనుమానం ఉందో రాసిచ్చావా?"

"లేదు సార్. అలా రాయొచ్చా?"

ఆ "రాయొచ్చా" అన్న మాట నన్ను కలవరపెట్టింది. ఇరవై ఏళ్ళ కిందట నేను కూడా అదే భయంతో నోరు మెదపలేదు. సలహా అడగడం కూడా నేర్పవలసిన విద్యేనని, బడిలో నేను దాన్ని నేర్పలేదని అప్పుడు తోచింది. ఒక్క కాగితం మీద మూడు సంగతులు రాసుకుని వెళ్ళమన్నాను: ఇప్పటిదాకా ఏం చదివాను, ఏం కనుక్కున్నాను, ఎక్కడ ఆగిపోయాను. అధ్యాయంలో తనకు అనుమానమున్న రెండు పేజీలకు గుర్తు పెట్టి చూపించమన్నాను.

వారం తిరక్కుండా మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆచార్యులవారు ఆమెను కూర్చోబెట్టి మాట్లాడారట. ఆ రెండు పేజీల నిండా ప్రశ్నలు రాసిచ్చారట. మిగిలిన యాభై ఎనిమిది పేజీలు ఇంకా ఆయన బల్ల మీదే ఉన్నాయట.